బాంబు మాస్టర్ చెవి పరీక్ష

కుక్కర్ కూత మీద కూత వేస్తోంది. దానికి మూరెడు దూరంలో స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్న తిరుమలేశ్ మాత్రం, "అన్నం పెట్టినవా లేదా? హనుమంతు వచ్చే యాళ్ళయింది" అన్నాడు తీరిగ్గా.

శకుంతలమ్మ స్టవ్ కట్టేసి కుక్కర్ వైపు వేలు చూపించింది.

"ఓ, అయిందా" అన్నాడాయన.

యూసుఫ్‌గూడలోని ఆ రెండు గదుల ఇంట్లో కాపురం చాలా ఏళ్ళుగా సైగల మీదే నడుస్తోంది. ఫోన్ మోగితే శకుంతలమ్మ కనుబొమలు ఎగరేస్తుంది. ఎవరైనా తలుపు కొడితే గడప వైపు తల తిప్పుతుంది. వెనక నుంచి పిలవాల్సి వస్తే భుజం మీద చెయ్యి వేస్తుంది. టీవీ మోత భరించలేక పక్కవాటా ఎల్లమ్మ గోడ మీంచి అరిస్తే, "మాకు వార్తలంటే పానం అక్కా" అని నవ్వి ఊరుకుంటుంది. మొగుడికి చెముడు అని మాత్రం ఆమె నోటి నుంచి ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. ఆ మాట అనుకుంటే ఎక్కడ నిజమవుతుందోనని భయం.

ఆ పొద్దు మాత్రం ఇంట్లో పండగ కళ ఉంది. ముందురోజు జూబ్లీ హిల్స్‌లో డాక్టరమ్మ దగ్గర తిరుమలేశ్‌కి చెవి పరీక్ష జరిగింది. అద్దాల గదిలో చెవులకు డిప్పలు పెట్టుకుని, చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. ఆయన ఒక్కటి కూడా వదలకుండా టకటకా నొక్కుతుంటే బయట బల్ల మీద కూర్చున్న శకుంతలమ్మ కళ్ళు మెరిశాయి. ఇంట్లో కుక్కర్ వినబడని మనిషికి అక్కడ అంత సన్న చప్పుళ్ళు ఎలా వినబడ్డాయో ఆమెకు అంతుపట్టలేదు. మిషన్ చెప్పాక కాదనడానికి మనమెవరం అనుకుంది. వచ్చేటప్పుడు ఆయన కృష్ణానగర్‌లో ఆటో ఆపి మరీ పేడాలు కొన్నాడు. "పరీక్ష పాసైన" అని ఎల్లమ్మ చేతిలో కూడా రెండు పెట్టాడు.

కూతురు మనోజ ఆఫీసుకు తయారవుతుండగా ఫోన్ మోగింది. ఆ ఇంట్లో ఫోన్ అంటే స్పీకరే. డాక్టర్ త్రిపురసుందరి గొంతు గదంతా వినబడింది.

"మనోజ గారూ, మీ నాన్నగారి రిపోర్టు చూశానండి. మీరు అనవసరంగా దిగులు పడ్డారు. ఆయన వయసుకి ఆ చెవులు చాలా బాగున్నట్టు! పెద్ద శబ్దాల వల్ల వినికిడి పోయినవాళ్ళ మీదే కదండీ మేం ఈ కొత్త మందు పరీక్షిస్తోంది. ఆయన్ని తీసుకోవడం కుదరదు. సంతోషించాల్సిన విషయమే."

మనోజ ఫోన్ పెట్టేసి తండ్రి వైపు చూసింది. ఆ పిల్ల పనిచేసేది మాదాపూర్‌లో, కొత్త మందుల ప్రయోగాల వివరాలు కంప్యూటర్లలో ఎక్కించే కంపెనీలో. అక్కడి స్నేహితురాలి ద్వారానే ఈ చెవి మందు సంగతి తెలిసింది. డాక్టరమ్మ కాళ్ళూ వేళ్ళూ పట్టుకున్నంత పనిచేసి తండ్రికి పరీక్ష రోజు ఖాయం చేయించింది.

ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా అడిగింది. "నాయినా, మొత్తం ఇనవడ్డదా నీకు?"

"పాసైన గద. ఇంకేంది?"

"ఎట్ల పాసైనవ్?"

తిరుమలేశ్ కప్పు కింద పెట్టి మీసం సర్దుకున్నాడు. చెప్పాలని ఆయనకూ నోరు ఊరుతూనే ఉంది. "గా అద్దం అవతల ఒక పోరి కూసున్నది జూడు. సప్పుడు ఇడిశే ముందు దాని కుడి భుజం జరంత లేస్తది. లేసినప్పుడల్ల ఒత్తిన. ఎనుకటి సంది నేను చేసే పనే అది గదనే! ఇగ మాటలు జెప్పుమన్నది. మూతి జూసి జెప్పిన. ఒక్కటి తప్పు పోలే."

శకుంతలమ్మకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురి మొహం చూసి ఆ నవ్వును మధ్యలోనే మింగేసింది.

తిరుమలేశ్ అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. సినిమాల్లో కార్లు గాల్లోకి లేస్తాయే, బంగళాలు తగలబడతాయే, వాటి వెనక పేలుడు మందు కూరి, వైరు లాగి, మీట నొక్కేది ఆయనే. ఫిల్మ్ నగర్‌లో అందరికీ ఆయన బాంబు మాస్టర్. ఫైటర్ ఎగిరే ముందు వాడి భుజం లేస్తుంది. సరిగ్గా వాడి కాలు నేలను వదిలిన క్షణంలో మీట నొక్కాలి. కాస్త ముందైతే మనిషి కాలతాడు, కాస్త వెనకైతే షాటు పోతుంది. ఆ భుజాలు చదవడంలో ఆయన్ని మించినవాడు లేడని గురువే ఒప్పుకున్నాడు.

గురువంటే పట్టాభిరామయ్య. సినీ పరిశ్రమతోపాటు మద్రాసు నుంచి తరలివచ్చిన పాతకాలపు మనిషి. ఆయన నేర్పిన పద్ధతుల్లో ఒకటి శిష్యుడు వేదంలా పాటించాడు. "మందు పెట్టినవాడే చెవులు మూసుకుంటే, దాని ముందు నిలబడ్డవాడికి ధైర్యం ఎవడిస్తాడురా?" అనేవాడట. అందుకని ఆ ముఠాలో మీట పట్టుకున్న మనిషి పేలుడుకి అందరికన్నా దగ్గరగా, చెవులు తెరిచి, రెప్ప వేయకుండా నిలబడాలి. చెవిలో దూది పెట్టుకున్నవాడికి మీట ఇవ్వరు. తిరుమలేశ్ జీవితంలో ఒక్కనాడు చెవులు మూసుకోలేదు. ఆయన్ని చూసి కొత్త ఫైటర్లు ధైర్యంగా మంటల్లోకి దూకేవాళ్ళు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు శకుంతలమ్మ మెడ ఇప్పటికీ నిటారుగా లేస్తుంది.

"నీకు అర్థమయితుందా నాయినా?" మనోజ ఇంకో అడుగు ముందుకు వేసింది. "చెవి లోపల సన్న నూగు ఉంటది. పెద్ద సప్పుళ్ళకు అది రాలిపోతది. ఒక్కసారి రాలితే మనిషికి మళ్ళ మొలవదు. అది మొలుస్తదేమోనని ఇప్పుడిప్పుడే చూస్తున్రు. పని చేస్తదని ఎవ్వలు చెప్పలేరు, అయినా ఒక దారి దొరికింది. నువ్వేమో దొంగ పరీక్ష రాసి పేడాలు పంచుతున్నవ్!"

"నాకు ఏ మందు వద్దు. వచ్చే వారం కొండ మీద బంగళా పేల్చేది ఉన్నది. గసుంటి షాటు ఇయ్యాల్టిదాంక ఎవ్వడు తియ్యలే. చెవిటోడని తెలిస్తే నా చేతికి మీట ఎవ్వడిస్తడే?"

"ఇయ్యొద్దు. నేనైతే ఇయ్య!"

ఆ మాట ఆయన పూర్తిగా అందుకున్నాడో లేదో గానీ, లేచి దేవుని అలమర దగ్గరికి నడిచాడు. పనికి పోయే ముందు మీట పెట్టెకు కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకోవడం ఆయన అలవాటు. అప్పుడే గడపలోకి వచ్చిన హనుమంతు చెప్పులు విడిచి పక్కకు నిలబడ్డాడు. తిరుమలేశ్ దగ్గరే పని నేర్చుకుని, ఇద్దరు పిల్లల తండ్రయినా ఇంకా ఆయన వెనకే తిరుగుతున్న మనిషి అతను.

మనోజ తండ్రి వీపు వైపు చూస్తూ మామూలు గొంతుతో, "నాయినా, ఆపు" అంది.

ఆయన కదలలేదు.

"నాయినా, ఆపు!" ఈసారి గట్టిగానే అంది.

శకుంతలమ్మ చెయ్యి దానంతటదే మొగుడి భుజం మీదికి లేచింది. ఇన్నేళ్ళ అలవాటు మరి. కూతురు కళ్ళతోనే వద్దంది. లేచిన చేతిని రెండో చేత్తో పట్టి గుండెకు అదుముకుని నిలబడింది శకుంతలమ్మ. అంత కష్టమైన పని ఆమె ఎన్నడూ చేసి ఉండదు.

"ఆపు నాయినా!"

గోడ మీంచి ఎల్లమ్మ తొంగి చూసింది. తిరుమలేశ్ కళ్ళు తెరిచి మెల్లగా ఇటు తిరిగాడు. "పిలిచినవా బిడ్డా?"

మనోజ ఏడుస్తోంది. "మూడోసారికి తిరిగినవ్. సెట్టు మీద ఎవడన్న కాలు జారి పడి, అందరు ఆపు ఆపు అని ఒర్లితే? నువ్వు మొదటిసారికే మీట ఒత్తేసి ఉంటవ్."

తిరుమలేశ్ మొహం ఎర్రబడింది. "నోరు ముయ్యి. నా చెయ్యి ఎన్నడు తప్పలే. నా సెట్ల ఒక్కనికి చర్మం గీరుకపోలే. దూకినోళ్ళంత ఇంటికి మంచిగ పోయిన్రు. కావాలంటే హనుమంతును అడుగు. చెప్పురా!"

హనుమంతు తల వంచుకుని కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"చెప్పురా. ఏందిరా గట్ల నిలవడ్డవ్?"

హనుమంతు వచ్చి, మాస్టర్‌కు మొహం కనబడేలా ఎదురుగా నిలబడ్డాడు. "పోయిన ఎండకాలం గోదాము సీను యాదికుందా అన్నా? పొగ బాగ కమ్మింది. మందు పెట్టిన కాడనే ఫైటర్ తట్టుకోని పడ్డడు. అందరం ఆపుమని మొత్తుకున్నం. పొగల నీకు మేం కనవడలే."

"ఆ... గప్పుడు పేలలే. నువ్వు వైరు లూజు పెట్టినవ్."

"లూజు గాదన్నా. నేనే పీకిన." అతను వైరు లాగినట్టు చెయ్యి ఆడించి చూపించాడు. "పీకిన ఎంటనే నువ్వు మీట ఒత్తినవ్."

తిరుమలేశ్ అలమరలోని మీట పెట్టె వైపు చూశాడు.

"నిన్ను అందరి ముందట తిట్టిన గదరా," అన్నాడు. "పనికి రానోనివని, ఇంటికి పో అని."

"తిట్టినవ్."

"ఎందుకు చెప్పలే?"

"పని నేర్పినోనివి. యూనిట్ అంత నిల్చున్నది. గాడ నీ తల ఎట్ల దించాలె అన్నా?"

తిరుమలేశ్ మీట పెట్టెను తీసి హనుమంతు చేతుల్లో పెట్టాడు. "ఇయ్యాల నువ్వు పో" అని, ఎవరి వైపూ చూడకుండా డాబా మెట్లెక్కాడు.

మధ్యాహ్నం శకుంతలమ్మ కంచం పట్టుకుని పైకి వెళ్ళింది. ఆయన పిట్టగోడకు ఆనుకుని మెట్రో కోసం లేస్తున్న స్తంభాల వైపు చూస్తున్నాడు. రోడ్డంతా తవ్వి పోశారు. ఊరంతా చెవులు మూసుకునేంత మోతలో ఆయన ఒక్కడే నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు.

ఎదురుగా కూర్చుని కంచం చేతికిచ్చింది. ఆయన ముద్ద కలిపి, తినకుండా అడిగాడు. "నీకు ఎప్పటి సంది ఎరుక?"

"నా గాజుల సప్పుడుకు నువ్వు తిరిగి చూసుడు బంద్ చేసినప్పటి సంది."

తిరుమలేశ్ తల దించుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె వంటింట్లో నడుస్తుంటే ముందు గదిలోంచి, "ఎటు పోతున్నవే?" అని అడిగేవాడు. గాజులు చెప్పేస్తాయని ఏడిపించేవాడు. ముందు ఆ సన్న చప్పుళ్ళే పోయాయి. తర్వాత పిట్టలు, కుక్కర్, ఆ తర్వాత కూతురి మాట.

"ఆ పిలగాడు సచ్చిపోతుండె శకుంతలా. నా చేతులతోటి."

"సావలే. నువ్వు కొడుకు లెక్క సాకినోడు ఆపిండు."

"గురువు ఏమన్నడు? చెవులు మూసుకుంటే..."

"ముందట నిలవడ్డోనికి ధైర్యం ఇయ్యాలె అన్నడు. పానం తియ్యమని చెప్పిండా?" శకుంతలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ గొప్ప నీ చెవులల్ల ఉన్నదని నేను ఎన్నడు అనుకోలే. నీ సెట్ల దూకినోళ్ళంత ఇంటికి పోయిన్రంటివి జూడు, గది నీ గొప్ప. గది నిలవెట్టుకో."

ఆయన కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కంచం ఖాళీ చేశాడు.

రెండు రోజుల తర్వాత ముగ్గురూ జూబ్లీ హిల్స్ వెళ్ళారు. పెళ్ళికి వెళ్తున్నట్టు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు తిరుమలేశ్. డాక్టర్ త్రిపురసుందరి ఆశ్చర్యపోయింది. "మళ్ళీ ఎందుకొచ్చారండీ? మొన్న బాగా చేశారుగా?"

ఆయన నిలబడే చేతులు జోడించాడు. "మొన్న నేను చెవులతోటి చెయ్యలేదమ్మా, కండ్లతోటి చేసిన. తప్పయింది. ఈపారి నన్ను గోడ దిక్కు కూసోవెట్టున్రి."

డాక్టరమ్మ విషయం విని మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "తప్పు మాది కూడా లెండి. మిమ్మల్ని అమ్మాయికి ఎదురుగా కూర్చోబెట్టకుండా ఉండాల్సింది. అయినా ఒక మాట ముందే చెబుతున్నాను. ఇది ప్రయోగం. చెవిలోకి సూదితో ఇచ్చేది సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో నాకూ తెలియదు. మందే పడినా, అది పనిచేస్తుందని మాటివ్వలేను."

"నాకు నీళ్ళే పడనియ్యున్రి అమ్మా. లెక్క మాత్రం నిజముండాలె. నా బిడ్డ కంప్యూటర్‌ల గసుంటి లెక్కలే రాస్తది."

మనోజ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పరీక్ష మొదలైంది. తిరుమలేశ్ అద్దాల గదిలో గోడకు ఎదురుగా, వీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాడు. మీట ఉన్న చెయ్యి తొడ మీద పెట్టుకున్నాడు. ఇవతల ఆ అమ్మాయి చప్పుడు వదిలినప్పుడల్లా మిషన్ మీద చిన్న దీపం వెలుగుతోంది. ఆమె కుడి భుజం నిజంగానే జరంత లేస్తోంది. శకుంతలమ్మ ఆ భుజం చూసి, దీపం చూసి, మొగుడి చెయ్యి చూసింది. చెయ్యి కదలలేదు. దీపం మళ్ళీ వెలిగింది. కదలలేదు. మోత పెంచినట్టున్నారు, ఒకసారి బొటనవేలు నొక్కింది. ఆ తర్వాత దీపాలు వెలిగి ఆరిపోతూనే ఉన్నాయి.

భుజం లేస్తే చాలు నొక్కే చెయ్యి అది. నిర్మాతలూ దర్శకులూ మెచ్చుకున్న చెయ్యి. పక్కకు కాస్త తల తిప్పితే అద్దంలో భుజం కనబడుతుంది, అన్నీ పాసవుతాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయన తల తిప్పలేదు. తనకు వినబడటం లేదని అందరి ముందూ ఒప్పుకుంటూ, ఆ చెయ్యి తొడ మీద నిశ్చలంగా ఉండిపోయింది. బంగళాలు గాల్లోకి లేచినప్పుడు శకుంతలమ్మ చాలాసార్లు గర్వపడింది. కానీ ఆ కదలని చేతిని చూసినప్పుడు పొంగినంతగా ఆమె గుండె ఎన్నడూ పొంగలేదు. కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"బాగా దెబ్బతిన్నాయి," అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "మిమ్మల్ని తీసుకుంటున్నాం."

వచ్చేటప్పుడు ఆయన కృష్ణానగర్‌లో మళ్ళీ ఆటో ఆపాడు. ఎల్లమ్మ పేడా అందుకుని అయోమయంగా చూసింది. "మొన్ననే పాసయితివి గదన్నా. ఇయ్యాల గిదెందుకు?"

"ఫెయిలైన చెల్లే!" అన్నాడు తిరుమలేశ్, వీధి చివరిదాకా వినబడేలా. "ఈపారి నిజంగ రాసి ఫెయిలైన. ఇంకోటి తీస్కో."

కొండ మీద బంగళా పేల్చే రోజు శకుంతలమ్మ, మనోజ కూడా వెళ్ళారు. దర్శకుడితో దాచకుండా మాట్లాడి, మీట హనుమంతుకు ఇప్పించాడు తిరుమలేశ్. హనుమంతు చెవులకు డిప్పలున్నాయి. ఫైటర్లకూ లైట్‌మెన్‌కూ దూది బిరడాలున్నాయి. గురువు పద్ధతిని శిష్యుడే మార్చేశాడని పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు గొణిగారు.

"అరిస్తే ఇనవడదు, కనవడాలె" అన్నాడు ఆయన అందరితో. "ఇగ నుంచి ఆపుడు అంటే ఎర్రజెండా. అది నా చేతిల ఉంటది. నేను జెండా లేపితే ఎవ్వడు ఒర్లకున్నా మీట ఒత్తొద్దు. ఒక్కొక్కని భుజం నేను చూస్త."

డాక్టరమ్మ చెప్పినట్టే చెవుల్లో బిరడాలు, పైన డిప్పలు పెట్టుకుని, దూరంగా రాతి గుండు మీద నిలబడ్డాడు. అంతా సిద్ధమై, ఫైటర్లు పరుగెత్తబోతుండగా జెండా లేచింది. అందరూ ఆగిపోయారు. చూస్తే, చివర నిలబడ్డ ఫైటర్ బూటు తాడు ఊడి వేలాడుతోంది. అంత దూరం నుంచి అది ఆయనకే కనబడింది. తాడు కట్టుకున్నాక జెండా దిగింది. బంగళా ఒక్కసారిగా మంటై లేచింది. పొగ తగ్గాక ఫైటర్లంతా నవ్వుకుంటూ నడిచివచ్చారు. హనుమంతు వచ్చి కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన ఆపి, అందరి ముందూ కౌగలించుకుని, "నన్ను కాపాడినోడు" అన్నాడు. మనోజ చప్పట్లు కొడుతూ, "మా నాయిన" అని పక్కనున్నవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆ తర్వాతి వారం చెవిలో సూది వేశారు. మందో, నీళ్ళో ఎవరికీ తెలియదు. ఇంటికి వచ్చి ఆయన ముందు గదిలో పడుకుని కళ్ళు మూసుకున్నాడు. శకుంతలమ్మ పక్కన కూర్చుని, కాసేపు తటపటాయించి, ఆయన చెవి దగ్గర మెల్లగా గాజులు ఆడించింది. తర్వాత భుజం తట్టింది. ఆయన కళ్ళు తెరిచి ఆమె మొహం చూశాడు.

"ఇనవడ్డదా?"

ఆమె ముచ్చట కోసం అవునంటే సరిపోయేది. మునుపటి తిరుమలేశ్ అయితే ఆ మాటే అనేవాడు.

"ఇనవడలే," అన్నాడు నవ్వుతూ. "రేపు మళ్ళ అడుగు."